పచ్చ కండె

ఏమే సాయిశ్రీ, ముసలాడు మాట్లాడుతుంటే అంత నోరు తెరిచి ఆవలిస్తావే? పర్లేదులే, తెరువు. మీ నాయనమ్మ రామతులసి చేత అంత నోరు తెరిపించడానికి నేనెన్ని దొంగవేషాలేశానో నీకేం తెలుసు! నువ్వప్పటికి పుట్టనే లేదు. పెడనలో మగ్గం నేసే రోజులు. నేను నేస్తుంటే ఆవిడ పక్కన రాట్నం మీద కండెలకి నూలు చుట్టేది. బుగ్గన జర్దా కిళ్ళీ, నోట్లో నా మీద తిట్లు, రెండూ ఆగేవి కాదు. ఆ కిళ్ళీ రోజూ కట్టించుకొచ్చింది నేనేలే. ఆ పాపం నాదే. బుగ్గలో పుండు లేస్తే, వేడి చేసిందని ఆర్నెల్లు మజ్జిగ తాగించా, చూడు నా తెలివి! ఆనక బెజవాడ తీసుకెళ్తే కేన్సరన్నారు. ఆపరేషను చేశారు, రేడియేషనంటారే, ఆ కరెంటు పెట్టారు. "దవడ బిగుసుకుపోతోందండీ, రోజూ నోరు తెరిపించండి. మూడు వేళ్లు పట్టాలి. లేకపోతే ఇంక జీవితాంతం ముక్కులో గొట్టమే" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఒక్క వేలు పడితే ఒట్టు. నొప్పి మరి. బతిమాలా, కాళ్లు పట్టుకున్నా. గోడవైపు తిరిగి పడుకునేది. నన్ను తిట్టడం కూడా మానేసింది. అప్పుడేసిందే నాకు భయం.

ఓ రోజు ధ్యాస ఎక్కడో పెట్టి మెరూన్ చీరలో పచ్చ కండె వేసేశా. ఆవిడ చూసి లేచి కూచుంది. చేతులూపింది. కండె తీసి నా మీదకి విసిరింది. నా తప్పు నాకు తెలిసిపోయింది, అయినా "ఏంటీ, బాగుందా? ఇంకో జానెడు నేస్తా ఉండు" అన్నా. అంతే! "కళ్లు పోయాయా నీకు!" అంది. రెండు నెలలకి అదే మొదటి మాట! ఇంక వదుల్తానా? రోజుకో తప్పు. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నేసిందంతా విప్పుకునేవాణ్ణి. నేతకి నూలిచ్చే సావుకారు హరిబాబు వచ్చి, "నెలకి ఒక్క చీరేంటయ్యా, చేతులు పడిపోయినయ్యా?" అంటే, "చేతులు బానే ఉన్నాయి బాబూ, మా ఇంటిదాని నోరు బాగవుతోంది" అన్నా. పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

ఓ మధ్యాహ్నం విప్పుతుంటే చూసేసింది. అయిపోయాన్రా దేవుడా అనుకున్నా. తిట్టలేదే! దగ్గరకొచ్చి, నోట్లో మూడు వేళ్లు పెట్టుకు చూపించి, పక్కన కూచుని తనూ విప్పింది.

ఆ తర్వాత ఏడేళ్లు నన్ను తిట్టుకుంటూనే బతికింది మహాతల్లి. పోయింది ఆ జబ్బుతో కాదు, గుండెపోటొచ్చి. ఆవిడ పోయిన నెలలో నిజంగానే తప్పు కండె పడింది నాకు. జానెడు నేశాక చూసుకున్నా. విప్పబుద్ధి కాలా. ఆ రాట్నం వైపు చూస్తా కూచున్నా, ఏమన్నా అంటుందేమోనని...

ఊఁ. ఆ ఫ్యాన్ కాస్త పెంచవే, ఉక్కగా ఉంది.