రాత్రంతా బస్సు, గంటంబావు విమానం

ఆసుపత్రిలో ఐసీయూ బయట, బల్ల మీద ఇద్దరు: బస్సు డ్రైవరు భార్య, అవయవదానం పనులు చూసే అమ్మాయి.

"గంటంబావా? అంతేనా?"

"అంతే అక్కా. ఇక్కడ ఎక్కితే గంటంబావులో అక్కడ దిగిపోతాం."

"మా ఆయనకి రాత్రంతా పట్టేది. ఇరవయ్యేళ్లు అదే రూటు. ఇంటి మీంచి విమానం పోతుంటే, 'అదీ మా రూటు బండేనే, కాస్త తొందరెక్కువ' అనేవాడు."

"ఎప్పుడైనా ఎక్కారా?"

"విమానమా? దారిలో ఆగిపోతే దిగి తొయ్యడానికి వీల్లేని బండి నాకొద్దనేవాడు. ఇప్పుడెక్కుతాడన్నమాట."

"గుండె ఒక్కటే అక్కా. పెట్టెలో ఐసు వేసి..."

"చెప్పావుగా. మళ్లీ చెప్పకు."

"సారీ అక్కా. కానీ టైము... బయటికి తీశాక నాలుగు గంటలే. ఆలోపు అక్కడి పేషెంటుకి పెట్టెయ్యాలి. మీరు సంతకం పెడితే..."

"మెదడు పోయింది, ఇక లేవడన్నారు. సరే అన్నాను. కిడ్నీలకి పెట్టాను, కళ్లకి పెట్టాను. దేనికైనా కాదన్నానా?"

"గుండె దగ్గరే ఆగారు."

"ఆగింది ఆ ఊరి పేరు విని. ఇంకో ఊరికి పంపకూడదూ?"

"సరిపోయే పేషెంటు అక్కడే ఉన్నారు."

"వెతకండి. ఇంత దేశంలో ఇంకో మనిషే దొరకలేదా?"

"వెతికాం అక్కా. కుదర్లేదు. అసలు ఆ ఊళ్లో ఏముందని?"

"ఏముంటుంది, బస్‌స్టాండు. నీకు పెళ్లయిందా?"

"అయింది. అక్కా, మాట మార్చకండి."

"మీ ఆయన అన్నం తింటూ తింటూ గడియారం చూస్తాడా?"

"ఏమో... ఎప్పుడూ గమనించలేదు."

"అదృష్టవంతురాలివి. ఈయన సెలవొస్తే ఒంట్లో బాగోనివాడిలా ఉండేవాడు. రూటు మారుస్తామంటే డిపోలో వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు."

"అక్కా... అక్కడెవరైనా..."

"ఉంది."

"ఆయన్నెప్పుడూ అడగలేదా?"

"అడిగితే వెళ్లిపోతాడని భయం. సగమైనా మిగిలాడు కదా అనుకున్నా. కనీసం పోయాకైనా మొత్తం నా దగ్గరే ఉంటాడనుకుంటే, నువ్వొచ్చి గంటంబావంటావు!"

"అవతల ఆ పేషెంటుకి ముప్పై ఏళ్లు కూడా లేవక్కా. ఇవాళ్టి రోజు దాటుతుందో లేదో..."

"ఏడవకు. నువ్వేడిస్తే నాకెవరు ధైర్యం చెప్తారు? ఆ పెన్ను ఇలా ఇయ్యి."

"పెడుతున్నారా?"

"పెట్టేశాను. వెళ్లనీ. ఎప్పుడాగాడు గనక!"

"థాంక్సక్కా. డాక్టరు గారికి చెప్పొస్తాను."

"ఆగు. ఒక నంబరు చెప్తాను, ఆవిడకి ఫోన్ చెయ్యి. రెండ్రోజులైంది మనిషి వెళ్లక. ఎంత కంగారు పడుతోందో. ఇలా అయిందని ఆవిడకి చెప్పేదెవరు?"

"నేనా? అక్కా, మీరు చేస్తేనే..."

"నీ ఫోన్‌లోంచే చెయ్యి. నా నంబరు చూస్తే ఎత్తదు."