చేతితో తీయరాని బ్యాటరీ

అచ్చంపేట బస్టాండు ఎదురు సందులో, మాలతి నడుపుతున్న సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. పగలు. బయట ముసురు.

“...అందుకే చెప్తున్న, మాలతీ, లింగాల మండలం మొత్తం తిరిగి అడుగు. ఈ కిష్టయ్యకు ఫోన్ చేస్తే ‘స్విచ్ ఆఫ్’ అని ఆ పిల్ల గొంతు ఇనవడ్డదన్నోడు ఒక్కడు దొరకడు. పదేండ్లు. ఒక్కపారి బంద్ కాలే ఈ ఫోన్.”

“ఒక్కపారి గూడ?”

“ఒక్కపారి గూడ.”

“మరి పోయినేడు బియ్యం డబ్బాల పెట్టి తెచ్చినవ్ కద, తాతా? బాయిల పడ్డదని?”

“అది బంద్ అయినట్టా? తానం చేసింది.”

“మూడొద్దులు నా దుకాణంలనే పండె.”

“సరే, ఆ మూడొద్దులు తీసెయ్.”

“మేక నమిలిన పారి?”

“అది మేక తప్పు, ఫోన్‌ది కాదు. సరే, అదీ తీసెయ్. గిట్ల ఒక్కొక్కటి తీసుకుంట పోతే నా పదేండ్లల్ల ఏం మిగులుతది? ముందు ఒచ్చిన పని చెప్పనియ్యి.”

“చెప్పు. ఫోన్‌కు ఈ రబ్బరేంది, తోటకూర కట్టకు ఏసినట్టు?”

“ఎనక మూత నిలుస్తలేదు. నాకు మూతతోని పని లేదు. లోపల బ్యాటరీ ఉంది సూడు. దాన్ని అంటించు.”

“అంటించుడేంది?”

“గమ్ము పెడ్తవో, లక్క పోస్తవో నీ ఇష్టం. మళ్ల ఎవ్వని చేతికి ఊడి రావొద్దు. నా చేతికైతే అసలే రావొద్దు.”

“ఊరంత ఒక తీరు, నువ్వొక తీరు. ‘కొత్త ఫోన్లల్ల బ్యాటరీ లోపలనే బిగిస్తరు, తియ్యరాదు. పాతవే నయముండె, గోరుతోని మూత లేపితే ఒచ్చేది’ అని అందరు నన్నే తిడతరు. నేనేదో దగ్గరుండి బిగిపించినట్టు. గిప్పుడే ఒకామె తిట్టిపోయింది. దాని బ్యాటరీ ఉబ్బింది. తియ్యాలంటే ఫోన్‌ను వేడి చేయాలె, అద్దం లేపాలె, దారమంత తీగలు తెగకుండ సూడాలె. సగం ఫోన్లు ఆడనే సస్తయి. నువ్వు చూస్తే తియ్యొచ్చేదాన్ని అంటియ్యమంటవ్.”

“వాళ్ళకు తెల్వదు.”

“ఏం తెల్వదు?”

“తియ్యరాకుండ చేసినోడు తెలివిగలోడు. మనిషి చేతుల సంగతి ఎరికైనోడు.”

“గంత నచ్చితే కొత్తది కొనుక్కో. లోపల బిగించిందే ఒస్తది, నువ్వు తీయాలన్నా రాదు.”

“వద్దు. ఇదే కావాలె.”

“ఇండ్ల ఏముంది, తాతా? అద్దం పగిలింది, పాటలు గరగర అంటయి...”

“ఇది అడివి సూసిన ఫోన్. ఎలుగు ముచ్చట నీకు చెప్పిన్నా?”

“చెప్పలే. చెప్పకు. ...సరే చెప్పు. గమ్ము ఏడ పెట్టిన్నో ఎతుకుత గంతల్నే.”

“అమ్రాబాద్ దిక్కు, తునికాకు కొయ్యనీకి పోయినప్పుడు. మా ఇంటామె గురవ్వ నాకు మూడు బ్యాటరీలు కట్టిచ్చేది. సద్దిమూట లెక్క, కొంగు ముక్కల మూట గట్టి. అడివిల కరెంటు ఏడిది? మాట్లాడేటప్పుడు ఏస్కోవాలె, అయినంక తీసి మూటల పెట్టాలె. ఫోన్ల ఉంచితే ఊకెనే తింటది.”

“బంద్ చేస్తే సాలు కద?”

“బంద్ చేసినా లోపల్లోపల తాగుతనే ఉంటది.”

“అట్లని ఎవరు చెప్పిర్రు నీకు?”

“మా ఊరంతకు ఎరికే. నీకే తెల్వదు.”

“గందుకే కద మూత ఊడింది! దినాం పదిమార్లు లేపితే ఇనుపదైనా ఊడుతది.”

“ముచ్చట ఇంటవా, మూత ముచ్చటనే చెప్తవా? మూట ఇప్పిన్నో లేదో, గుడ్డెలుగు. నా అంత ఎత్తు.”

“నువ్వెంత ఎత్తని?”

“అప్పుడు ఎత్తుంటి. ఏం చెయ్యాలె? ఇసిరికొట్టిన బ్యాటరీలు. తేనెతుట్టె అనుకున్నదో ఏమో, మూడింటికి మూడు మింగింది. ఫోన్ నా చేతిల, బ్యాటరీలు దాని కడుపుల. అప్పుడు మోగింది.”

“ఏది మోగింది? ఎలుగా?”

“ఫోన్. గురవ్వ చేస్తుంది. ‘తిన్నవా?’ అంటుంది. ‘నేను తినలే, అది తిన్నది’ అన్న.”

“బ్యాటరీ లేని ఫోన్ మోగిందా!”

“గురవ్వ చేస్తే మోగకపోవుడేంది?”

“ఉండు, అవ్వకు చెప్తా నీ కోతలు. ఎప్పుడొచ్చినా ఆ స్టూలు మీద కూసొని, ‘మా ఆయన చెప్పేదాంట్ల సగం తీసెయ్, బిడ్డా, ఉన్న సగంల జర ఉప్పు తగ్గించు’ అంటది. ఈపారి ఒంటిగ ఒచ్చినవేంది?”

“ఆ స్టూలు కాలు ఊగుతుంది సూడు.”

“తాతా.”

“కుడి కాలు. ఒక చీల కొట్టియ్యి. ఎవరన్న పడతరు.”

“తాతా, అవ్వ ఏది?”

“లేదు.”

“లేదంటే? వనజక్క ఇంటికి పోయిందా?”

“లేదు, బిడ్డా. నెల అయ్యె. నెల మీద నాలుగొద్దులు.”

“అయ్యో... అయ్యో తాతా. నాకెవ్వరు చెప్పలే.”

“ఇప్పుడు నేను చెప్పిన కద. మంచిగ చెప్పరాలే. అన్ని ముచ్చట్లు మంచిగ చెప్తగని, ఇది చెప్పరాదు నాకు.”

“ఏమైండె?”

“కాళ్లు ఉబ్బినయి. కిడ్నీలన్నరు. నాగర్‌కర్నూల్ల దవాఖానల ఏసినం. వనజ ఉండె దగ్గర. నన్ను గురవ్వనే ఎల్లగొట్టింది. ‘తండ్రి బిడ్డలు ఇద్దరు కూసొని నా మొఖం సూస్తే ఏమొస్తది? మేక కట్టు మీదుంది, ఇయ్యాలో రేపో ఈనుతది. పోయి దాని కాడుండు’ అని.”

“పోయినవా?”

“పోక? ఆమె చెప్పినంక ఆగేటోన్నా నేను? పొలం కాడ కొట్టంల ఉన్న. కరెంటు లేదు ఆడ. రెండొద్దులకోపారి ఊళ్లెకు పోయి ఛార్జింగ్ పెట్టుకొచ్చుకునుడు. వనజ ఫోన్ నుంచి దినాం చేస్తుండె గురవ్వ. పొద్దుగూకంగ, పసులు మర్లే యాళకు. గడియారం తప్పుతదేమో గని ఆమె తప్పదు. ‘ఈనిందా?’ అదే మొదటి మాట. నేనెట్లున్న, తిన్ననా, ఏం లేదు.”

“నువ్వడిగినవా, ఆమె ఎట్లుందని?”

“అడిగితే ‘నువ్వేమన్న డాక్టరువా’ అంటది. ఇగ నేను మేక గురించి కోసేది. నిన్న మేక లేసి నిలవడి అన్నం అడిగింది అని, నీ పేరు వెట్టి పిలిచింది అని. నవ్వితే ఆయాసమొస్తుండె ఆమెకు. ‘సాలించు’ అంటది, మళ్ల ‘ఇంకేమన్నది’ అంటది. పది దినాలు గట్లనే. పదకొండో దినం పగటీలి చేసింది.”

“పగలా? పగలు చెయ్యదు కద?”

“ఎప్పుడు చెయ్యదు.”

“ఏమన్నది?”

“ఏమంటది? ఫోన్ బంద్ ఉండె.”

“ఒక్కపారి గూడ బంద్ కాలే అంటివి...”

“అది గూడ తీసెయ్. అయిపాయె, పదేండ్లల్ల ఇగ ఏం మిగల్లే.”

“ఎందుకు బంద్ అయ్యె, తాతా?”

“ఛార్జింగ్ అయిపోయె. బ్యాటరీ అన్నంక అయిపోతది కద? గమ్ము దొరికిందా? దొరికితే అంటించు.”

“జర ఉండు. మిషన్‌కు పెట్టి సూస్త, ఎంత నిలుస్తుందో.”

“పరీక్షలొద్దు. అంటించు సాలు.”

“సూడకుండ ఎట్ల అంటిస్త? ఉబ్బిందేమో. గీ అద్దం మీద పెట్టి తిప్పుత, ఉబ్బితే బొంగరం లెక్క తిరుగుతది...”

“వద్దన్న కద! ...అరిసిన్నా? ఏమనుకోకు, బిడ్డా.”

“ఏమనుకోను. ఫోన్ అయితే ఆన్ చేస్త. ...తాతా, ఇండ్ల నెల కింది మెసేజ్ ఉంది. తీసెయ్యాల్నా?”

“తియ్యకు. దానికోసమే ఈ ఫోన్ కావాలన్న. ఇంగ్లీషుల ఉంది. మా ఊరి బడిల అయిదు దాంక సదివిన, అంకెలైతే ఎరికే. ఏడు అని ఉందా?”

“ఉంది. ఫోన్ బంద్ ఉన్నప్పుడు ఎవరన్న చేస్తే, మళ్ల ఆన్ చేసినంక కంపెనోళ్లు పంపే మెసేజ్. ఈ నంబర్ నుంచి ఏడుసార్లు చేసిర్రంట. ఆఖరుది ఒకటిన్నరకు. వనజక్క నంబరేనా?”

“దానిదే. అది రెండుసార్లే చేసిన్నంటది. నాకు బాధ అయితదని. నా బిడ్డ కద, అదీ కోతలు కోస్తది. కాకపోతే నేను పెంచుత, అది తగ్గిస్తది.”

“అవ్వ ఏం చెప్పాలనుకుందంట?”

“‘మీ నాయినకు చెయ్యి’ అన్నదంట. ‘కలుస్తలేదమ్మా’ అంటే, ‘మళ్ల చెయ్యి’ అన్నదంట. గంతే. ఆఖరు పారికి ఇగ ఏమనలేదంట.”

“తాతా...”

“పొద్దుగూకంగ ఫోన్ ఆన్ అయింది. ఆ మెసేజ్ టింగుమన్నది. ఎవరో లోన్లోళ్లు అనుకున్న. గురవ్వ చేసే యాళ అయితుందని కొట్టం ముంగట కూసున్న. మోగింది. వనజ నంబరే. నేను ‘హలో’ గూడ అనలే. ‘పులి ఎత్కపోయిందే మేకను’ అన్న. అవుతల వనజ ఏడుస్తుంది.”

“...కొట్టంల కరెంటు లేదంటివి కద. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ మళ్ల ఎట్ల ఆన్ అయింది?”

“అయింది. ఎట్లనో.”

“ఎట్లనో కాదు. నాకెరికే అది ఎట్లనో. అయ్యో దేవుడా!”

“ఏమైంది? మొఖం గట్ల పెట్టినవేంది?”

“పాడైన బ్యాటరీ గట్లనే చేస్తది, తాతా. ఛార్జింగ్ ఉన్నట్టే సూపిస్తది, ఒక్కసారి పడిపోతది. నాలుగు గంటలు ఊకుంటే మళ్ల జర లేస్తది. ఈ బ్యాటరీ నేనిచ్చిందే కద, ఉగాది ముందట?”

“ఇచ్చినవ్. అయితే?”

“కొత్తదని ఇచ్చిన. కొత్తది కాదు. ఈ ఫోన్‌కు కొత్తవి ఒస్తలేవు, చేసుడే బంద్ పెట్టిర్రు. ఒక పాత ఫోన్లది తీసి, తుడిసి, కవర్ల ఏసి ఇచ్చిన. అవ్వ గా స్టూలు మీదనే కూసొని అడిగింది, ‘మంచిదేనా బిడ్డా, దవాఖానలు తిరిగేటోళ్లం’ అని. మంచిదే అన్న. ఈ నోటితోనే అన్న.”

“ఏడువకు. కండ్లు తుడుసుకో.”

“ఏడుసార్లు చేపిచ్చింది, తాతా! నేను గా బ్యాటరీ ఇయ్యకపోయుంటే...”

“నీ బ్యాటరీ మంచిగనే...”

“నా మీద జాలి పడకు. వనజక్కకు ఫోన్ చేసి నేనే చెప్తా. నీది తప్పు లేదని, నాదే తప్పని. నిన్నే అనుకుంటుందో ఏమో, పాపం.”

“నన్ను అనుకుంటలేదు. బ్యాటరీ అమ్మినోళ్ళ చేతులు ఇరగ అన్నది. నా ముంగటనే. నేను ఊఁ కొట్టిన.”

“అననీ. అనాలె.”

“ఐతారం ఒస్తదంట ఈడికి, నీతోని కొట్లాడనీకి. దానికంటే ముందుగాల నేనొచ్చిన. రెండు ఎలుగు కథలు చెప్పి, ఫోన్ అంటించుకొని, బిడ్డకు చూపెట్టి, ‘అంత సక్కగ అయింది, ఇగ ఊకో’ అందామనుకున్న. నువ్వు గిట్ల నెత్తిన ఏస్కుంటవనుకోలే.”

“నంబర్ ఇండ్లనే ఉంది. చేస్తున్న.”

“ఆ ఫోన్ కింద పెట్టు, మాలతీ. పెట్టు. నీ మిషన్ ఇటు తే.”

“పరీక్షలొద్దంటివి?”

“ఇప్పుడంటున్న. పెట్టి సూడు.”

“...ఇదేంది? పడిపోతలేదు. మంచిగ నిలుస్తుంది. అద్దం మీద తిరుగుత గూడ లేదు. మరి గా దినం ఎట్ల?”

“ఆ పొద్దు తెల్లారంగనే మేక ఈనింది, బిడ్డా. రెండు పిల్లలు. ఒకదానికి నుదుటి మీద తెల్లమచ్చ, గురవ్వ పెట్టుకునే బొట్టంత. ఎంటనే చేద్దామని ఫోన్ తీసిన. తీసి ఆగిన. పొద్దుగూకంగ ఆమె ‘ఈనిందా’ అనాలె, నేను ‘పులి ఎత్కపోయింది’ అనాలె, ఆమె నన్ను మంచిగ తిట్టాలె, అప్పుడు మెల్లగ చెప్పాలె, ఒకటి కాదే, రెండు అని. పొద్దంత ఆ ముచ్చటనే దిద్దుకుంట కూసున్న.”

“మరి ఫోన్?”

“ఎలుగు ముచ్చట నిజమే, నమ్మకుంటే నీ ఇష్టం. నేనల్లింది ఒక్కటే, ఛార్జింగ్ అయిపోయిందన్నది. రెండు గీతలుండె. పొద్దుగూకినంక గురవ్వతోని శానాసేపు మాట్లాడాలె కద అని, నేనే, ఈ చేత్తోనే, బ్యాటరీ తీసి ఆమె కొంగు ముక్కల మూట గట్టి పెట్టిన.”