కల్లంల బడి మేర

ఏదీ, ఆ ఫోను ఇటియ్యి బిడ్డా, చదువుతా. కండ్లద్దాలు పెట్టుకోనియ్యి జర. ‘మన పాఠశాలలో బాలికల మరుగుదొడ్ల నిర్మాణానికి తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు ఉదారంగా విరాళాలు అందించి సహకరించవలసిందిగా సవినయ విజ్ఞప్తి.’ మంచిగున్నది దీపికా, బడి పంతులమ్మవు రాసింది గదా. ఒక్క అక్షరం వంక పెట్టేటట్టు లేదు, గందుకే నాకు భయమైతున్నది. నేను గూడ గిట్లనే, ఒక్క తప్పు లేకుండ, ఒక కాగితం రాసిన. మీ అమ్మ జమున ఏడో తరగతిల ఉన్నప్పటి మాట. ముప్పై నలభై పదాలు, మూడు దినాలు కూసొని దిద్దిన. గా కాగితాన్ని ఊర్ల మనిషన్నోడు చదువలే, ఒక్క మీ అమ్మమ్మ కిష్టవ్వ తప్ప. నవ్వకు, ఆమెకు చదువు రాదని నాకు తెల్వదా? నాతోటి చదివిచ్చుకున్నది.

నువ్వు ఆమెను చూడలేవు, నువ్వు పుట్టకముందే పోయింది. బడి ఊడ్చేది, కుండల నీళ్లు నింపేది, గంట కొట్టేది. గంటంటే ఏందనుకున్నవ్, రైలుపట్టా ముక్క. ఆమె కొడితే చెరువు అవుతలి మేకలు గూడ తల లేపుతుండె. నేను తెలుగు పంతుల్ని, పెద్దసారు లేకుంటే ఆ పని గూడ నాదే. అయినా పిల్లలు నా మాట కంటే కిష్టవ్వ మాటే ఎక్కువ వింటుండిరి. సరే, ఏం చెప్పుతున్న? ఆఁ, కాగితం. అప్పుడు మన బడి ఏడో తరగతి దాక్నే. ఎనిమిది చదువాలంటే చొప్పదండికి నడువాలె. మగపిల్లలు పోతుండిరి, ఆడపిల్లల్ని ఎవరూ పంపకపోతుండిరి. ఏడు అయిపోయిందంటే ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుట్టుడే. మీ అమ్మ కొరకు గూడ కొత్త చాట తెచ్చి అటుక మీద పెట్టిండ్లు. గప్పుడు పై ఆఫీసోళ్లు ఒక మాట చెప్పి పోయిండ్లు. ఎనిమిదో తరగతి ఇస్తం, బడులు తెరిచేనాటికి ఊరోళ్లు ఒక గది లేపి చూపియ్యాలె, లేకుంటే పక్కూరికి ఇస్తమన్నరు. చేతిల రెండు నెలలు. గందుకు రాసిన కాగితం. కరీంనగర్‌ల పసుపుపచ్చ కాగితం మీద అచ్చేయించి, పిల్లల చేత ఇల్లిల్లూ పంచిన. నాలుగు దినాలకు దుకాణంల పుట్నాలు కొంటే, శెట్టి నా కాగితంల్నే పొట్లం కట్టిచ్చిండు. విద్యాభిమానులారా అన్న కాడ నూనె మరక.

కిష్టవ్వ ఆ పొట్లం చూసి, ఏం రాసినవో చదువు సారూ అన్నది. చదివిన. రాగం తీసి చదివిన. చీపురు పక్కకు పెట్టి నిలవడి విన్నది. అయిపోయినంక, “మంచిగున్నది సారూ. గానీ, అందుల ఎవరి పిల్ల ఉన్నది?” అన్నది. అందరి పిల్లలూ ఉన్నరు కిష్టవ్వా, విద్యార్థులు అంటే వాళ్లే అన్న. ఆమె మల్ల చీపురు తీసుకున్నది.

తెల్లారి ఆమెనే ఉపాయం చెప్పింది. ఎండకాలం, యాసంగి వరి కోతలు నడుస్తున్నయి. అప్పుడు గీ మిషన్లు లేవు, వడ్లన్నీ కల్లంలకే వచ్చేటియి. రాశి పోసినంక, ఇంటికి గింజ పోకముందే, ఊరికి పనిచేసేటోళ్లకు మేర కొలుస్తుండిరి. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, వరుసల నిలవడి ఎవరి వంతు వాళ్లు తీసుకునేది. బడి గూడ ఊరి పనే చేస్తున్నది గదా సారూ, ఎవరి కల్లంల వాళ్ల పిల్లనే చాట పట్టుకొని నిలవెడుదాం, బాపు ముందట బిడ్డ నిలవడితే ఎట్ల కాదంటడో చూద్దాం అన్నది. నాకు ఆ మాట మస్తు నచ్చింది. గానీ నేను పంతుల్ని గదా, తెలివి ఎక్కువ. మొదటి కల్లంల ఆ ఇంటి పిల్లల్ని అందరికంటే ముందట నిలవెట్టిన. ఇగ చూడు, కమ్మరి నాగయ్య సుత్తె చేతుల లేదు గానీ ఉన్నంత పని చేసిండు. “ఏం పంతులూ, మా నోటికాడిది గుంజుకునుడు గూడ పుస్తకాలల్ల రాసి ఉన్నదా?” అన్నడు. అక్కడ ఉన్నోళ్లంతా ఆయన దిక్కే. పిల్లలు చాటలు నెత్తి మీద పెట్టుకొని నా ఎనుక దాక్కున్నరు. కిష్టవ్వ వచ్చి, ఒక్కొక్క పిల్ల రెక్క పట్టుకొని తీస్కపోయి, వరుసల అందరికంటే చివరన నిలవెట్టింది. కొత్తగొచ్చినోళ్లం నాగయ్యా, మీరందరు తీసుకున్నంకనే మేము అన్నది. నాగయ్య తన మేర మూట కట్టుకున్నడు, రెండడుగులు పోయిండు, మల్ల ఎనుకకు తిరిగి, మూట ఇప్పి రెండు దోసిళ్లు ముందటి పిల్ల చాటల పోసిండు. కమ్మరాయనే పోసినంక కల్లపాయన ఊకుంటడా? ఇజ్జత్ గదా. గట్ల ఒక్క కల్లం నుంచి ఇంకో కల్లానికి పాకింది. మేర తీసుకున్నోళ్లు గూడ పోసుడు మొదలువెట్టిండ్లు.

గింత చేసిన కిష్టవ్వకు గుంటెడు భూమి లేదు. మీ అమ్మ ఒకనాడు అడిగింది, అవ్వా, నేను ఎవరి కల్లంల నిలవడాలె అని. నేను అక్కడ్నే ఉన్న, వినవడనట్టు రిజిస్టర్ల తల పెట్టిన. తెల్లారి లింగారావు దొర కల్లంల, ఆయన పిలగాడు కరీంనగర్‌ల కాన్వెంట్‌ల చదువుతుండె, ఇగ ఆ కల్లంల బడి పిల్ల ఎక్కడిది, అక్కడ కిష్టవ్వ పొద్దందాక కైకిలి చేసి, కూలి వడ్లు కొంగుల పోయించుకున్నది. మీ అమ్మను పిలిచింది. అటుక మీది చాట, ఆ బీడీల చాటే, బిడ్డ చేతుల పెట్టి, కొంగుల వడ్లు సగం అందుల పోసింది. దొర చూసి, ఇదేం కథ కిష్టవ్వా, నీ కూలి నీ బిడ్డకే పోస్తివి అన్నడు. “నా బిడ్డ నా కల్లంల నిలవడ్డది దొరా. నాకున్న కల్లం గీ కొంగే.” ఎగతాళికి అనలే, ఉన్న మాట అన్నది. లింగారావు జరసేపు గడ్డం గోక్కున్నడు. మా పిలగాడు గూడ గీ ఊరోడే గదా, వాని తరఫున ఎవలు నిలవడాలె అన్నడు. చుట్టూ చూసి, నువ్వే మల్లొకసారి నిలవడు జమునా అన్నడు. మీ అమ్మ పోయి వరుస చివర మల్ల నిలవడ్డది. ఆయన పోసిన వడ్లకు చాట అడుగు ఊడింది. ఆ చాట ఇగ బీడీలకు పనికిరాలే.

ఆ వడ్లన్నీ అమ్మిన పైసలతోటి గది లేసింది. రేకులదే, గానీ గది. బడులు తెరిచిన పొద్దు కిష్టవ్వ గంట కొడుతున్నది, కొడుతనే ఉన్నది. చాలు కిష్టవ్వా, అందరొచ్చిండ్లు అన్న. “జమున ఇంక లోపటికి పోలే సారూ” అన్నది. చూస్తే, మీ అమ్మ కొత్త గది గడప మీద చెప్పులు చేతుల పట్టుకొని నిలవడ్డది, కొత్త సిమెంటు తొక్కాలెనా వద్దా అన్నట్టు. అది లోపటికి పోయేదాక ఆ రైలుపట్టా మోగుతనే ఉన్నది.

...

ఇప్పుడు కల్లాలు యాడున్నయి బిడ్డా. కానీ వడ్లు కొనే సెంటర్ల ఊరు ఊరంతా రాశులు ఆరవోసుకొని పది దినాలు కావలి కూసుంటున్నరు. పిల్లల్ని అక్కడికి తీస్కపో. హమాలీలు వాళ్ల వంతు తీసుకున్నంకనే నిలవెట్టు, తొందరపడకు. ఈ ఫోను పట్టుకో. ఆ సవినయం తీసెయ్యి. నేను చెప్పుతా, నువ్వు కొట్టు. మీ బడిల ఆడపిల్లల పేర్లు, ఒక్కొక్కటి చెప్పు.