స్టవ్ మీద పాలు

ప్రోగ్రామర్ల ఒకరోజు సదస్సులో టీ విరామం. భర్త ప్రసంగం విని వరండాలోకి వచ్చిన ఆమె, అతన్నే ఎవరో పరాయివాడిలా పలకరించింది.

"మా ఆయనకి పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేయడం కూడా రాదండీ. ఏం చెప్పమంటారు!"

"అబ్బా, ఇక్కడ మొదలుపెట్టకు."

"తెరమీద ప్రోగ్రామ్ మధ్యలో 'పాలు స్టవ్ మీదున్నాయి, మిగతాది వచ్చి రాస్తా' అని ఓ నోట్ కనబడింది. రాసిందెవరని హాల్లో ఎవరో అడిగితే నేనే అన్నారేం?"

"హాలంతా నవ్వుతోంది. కంగారులో నోరు జారింది."

"మొదటి స్లైడులో మీ పేరొక్కటే ఉందిగా. అదీ నోరు జారడమేనా?"

అతను కాగితం కప్పు నలిపాడు.

"ఇంట్లో కూర్చుని నువ్వు రాసిందంటే ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నా."

"ఆర్నెల్లు రాశానండీ. మీరు పట్టించుకుంటారనే ముందు మీకు చూపించాను."

గంట మోగింది. ఆమె వెళ్లి చివరి వరసలో కూర్చుంది. తర్వాతి ప్రసంగం మొదలుకాకముందే అతను మళ్లీ మైకు ముందుకొచ్చి, తన మొదటి స్లైడు తెరమీద పెట్టాడు.

"ఇందాక అబద్ధం చెప్పాను. ఈ ప్రోగ్రామ్ రాసింది మా ఆవిడ, అదిగో, ఆ చివర కూర్చుంది. పేరు తీసేసింది నేను. తప్పు నాదే. నాకసలు స్టవ్ వెలిగించడమే రాదు."