అంజమ్మ అడిగిన అరగంట

"నానమ్మా, ఆఫీసుల చేరి నాలుగు దినాలు కాలే, అప్పుడే 'జర అడ్జస్ట్ చేసుకో' అంటున్నరు. నీకు గిట్లనే అంటుండిరా?"

అనకేంది బిడ్డా. నాకొచ్చిన ఇంగ్లీషు గదొక్కటే. ఖాజాగూడల ఆటో ఎక్కంగనే మొదలు. ముగ్గురు కూసునే కాడ ఐదుగురం ఉంటిమి, ఇంకొకామె కనవడితే ఆటోవాడు "జర అడ్జస్ట్ కాండ్రమ్మా" అంటుండె. అప్పుడు కిరాయి ఐదు రూపాలే... కాదు, ఆరేమో. మీ తాతేమో నడిసిపోరాదు అంటుండె. ఆయనదేం పోయింది, చెప్పు.

ఇగ పనిల సూపర్‌వైజర్ సారు. ఆ అద్దాల బిల్డింగుల ఊడ్సుడు, తుడ్సుడు మా పని. ఒకామె రాకుంటే ఆమె ఫ్లోరు గూడ మేమే తుడ్వాలె. యూనిఫాం నాకు ఇద్దరు పట్టేంతది ఇచ్చి, అడ్జస్ట్ చేసుకో యాదమ్మా అన్నడు. ఎప్పుడు జూసినా వంగేది మేమే. ఆయన ఒక్కనాడన్న వంగిండా? వంగలే.

మాలో మాకు మాత్రం గట్ల లేకుండె. అంజమ్మ అని ఒకామె, నాకంటే మస్తు సిన్నది, పసిపిల్ల తల్లి. దినాం పదకొండు గొట్టంగ వాళ్లత్త పిల్లను గేటు కాడికి ఎత్తుకొస్తుండె. లోపలికి రానియ్యరు గద. అంజమ్మ కిందికి పోయి పాలిచ్చి వచ్చేదాంక, అరగంట, ఆమె ఫ్లోరు మేం వంతులేసుకొని చూస్తుంటిమి. "అక్కా, జర అడ్జస్ట్ చేస్తవా" అని నవ్వుకుంట అడుగుతుండె. సారుకు తెల్వదు. మెట్ల కింద కూసొని ఒకరి కూర ఒకరం తింటుంటిమి. ఎంత మంచిగుండె బిడ్డా ఆ దినాలు.

ఒకనాడు నా వంతు. పొద్దుగాల సంది సారు నాతోని రెండు ఫ్లోర్లు తుడ్పిచ్చిండు, మోకాళ్లు గుంజుతున్నయ్. అంజమ్మ వచ్చి అడిగింది. సారు మీది కోపం ఆమె మీద తీసిన. "ఎప్పుడు నేనేనా అడ్జస్ట్ అయ్యేది? పో" అన్న.

అంజమ్మ తుడ్సే కట్టె అందుకొని మళ్ల తన ఫ్లోరుకే పోయింది. గేటు కాడ పిల్ల ఏడ్సి ఏడ్సి పండుకుందట, వాళ్లత్త మళ్ల ఇంటికి ఎత్తుకపోయింది. అన్నం యాళ్లకు చూస్తే అంజమ్మ యూనిఫాం ముందట పాలతోని తడిసుంది. కప్పుకునేతందుకు కొంగు గూడ లేదు. చేతులు కట్టుకొని కూసుంది.

తెల్లారి మొఖం ఎట్ల జూపియ్యాలె అనుకుంట పోయిన. ఆమెనే నా కాడికొచ్చి సిన్న సీసా చేతుల పెట్టింది. మోకాళ్లకు రాసుకునే నూనె. "నిన్న మస్తు నొచ్చినట్టున్నయ్ గద అక్కా" అన్నది.

తిట్టినా బాగుండు బిడ్డా.

ఇప్పుడు ఏడుందో ఏమో. ఆ పిల్ల గూడ నీ అంత అయ్యుంటది. మీ సారు అడ్జస్ట్ కమ్మంటే జర ఆలోచించుకో. పక్క కుర్సీల పిల్ల అడిగిందనుకో... సరే తియ్, నీకు నేను చెప్పేదాన్నా. సల్లగుండు తల్లీ. తిని పో, సల్లారిపోతది.