తలుపు చూసి చెప్పిన చుట్టరికం

హలో… ఆ, నేనేనమ్మా, ప్రేమదాసుని. గుంటూరు కాలేజీ నుంచి… అవును, మీ జువాలజీ మేష్టార్నే.

రహిమున్నీసా, ట్రంక్ కాల్ బుక్ చేసి గంటన్నర కూర్చున్నాను… పాఠం మధ్యలో లేచొచ్చావా? మీ హెడ్మాస్టరు గారు ఏమీ అనుకోరుగా… సరే, త్వరగా చెప్పేస్తాను.

నీ సాలీడు సంగతి… అదే, ఎనభైలో పెదకాకాని పత్తి చేలో, గట్టు మీద బొరియకి మట్టి తలుపు పెట్టుకున్నది.

పై దేశంలో సాలీళ్ల మీద పనిచేసే ఒకాయనకి పంపాను. జవాబొచ్చింది… నువ్వు చెప్పిందే నిజమట.

ఆ… ముందు కళ్లు రెండూ తల అంచుకి జరిగి ఉంటాయి చూడు, అదీ అసలు గుర్తు. తలుపు పెట్టేవన్నీ ఒక్క కుటుంబం కాదట. దగ్గరి సంబంధం లేని వంశాల్లో కూడా తలుపు దేనికది విడిగా పుట్టిందట.

…అవును, అచ్చం ఇదే మాట నువ్వన్నావు. తలుపుంటే అన్నీ ఒకే కుటుంబమని నేను ఆ పేజీ అడ్డంగా కొట్టేశాను.

…గుర్తుందమ్మా. అందరి ముందూ నవ్వాను కూడా. నువ్వు థీసిస్ వదిలేసి చీరాల బళ్లో చేరిపోతుంటే… ఆగమని ఒక్క మాట అనలేదు.

అది కాదు… ఇంకా ఉంది.

నీ బొమ్మలు… నా పేరుతో పంపాను.

హలో… ఉన్నావా?

…కళ్ల బొమ్మలు, కోరల బొమ్మలు. నువ్వు రాసింది కూడా, టైపు చేయించి… లేదు. నీ పేరు ఎక్కడా లేదు.

…భయం. ప్రొఫెసరు ఇంటర్వ్యూ దగ్గర పడింది. ఆరేళ్లుగా తప్పు చెబుతున్నానని ఒప్పుకోవడం కంటే… నేనే కనిపెట్టానని చెప్పుకోవడం తేలికనిపించింది.

…ఆయన పత్రికలో వేయిస్తానన్నారు, ఇంకా అచ్చు కాలేదు. అందుకే ఫోన్ చేశాను. ఇద్దరి పేర్లూ వేయిద్దామని—

…

నిజమే. అందులో నాదేముంది.

…నీ ఒక్కదాని పేరే రాస్తాను. …ఆ, అబద్ధమాడానని కూడా. ఇవాళే ఆయనకి రాస్తాను. నకలు నీకు పంపుతాను.

…ఆ గట్టా? తెలియదమ్మా, మళ్లీ వెళ్లలేదు. అక్కడిప్పుడు మిరప వేశారని విన్నాను. ఆదివారం ఆరాధన అవగానే వెళ్లి, ఆ బొరియలు ఇంకా ఉన్నాయేమో చూసి నీకు…

…వద్దా.

…నువ్వే వచ్చి చూసుకుంటావా.

…సరేనమ్మా. నేను రానులే… ఉంటాను.