తలకో కొత్త బ్లేడు

క్షౌరశాలలో కుర్చీ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం, భార్య తెచ్చిన భోజనం సంచిలోంచి ఆస్పత్రి చీటీ ఒకటి జారిపడింది. అది చదివిన భర్త మొహం సబ్బు పూయకుండానే తెల్లబడింది.

"'సుఖవ్యాధికి పరీక్ష. ఈ చీటీ మీ భాగస్వామికి ఇవ్వండి.' ఎవడే ఆ భాగస్వామి?"

"మీరే. నాలో వాటా అడిగేవాడు ఇంకెవడూ లేడు. నాకు ఉందని తేలింది. చీటీ మీకెలా ఇవ్వాలో తెలీక నాలుగు రోజులుగా మోస్తున్నాను."

"ఆ ఎదురింటి టైలరు నీ కొలతలు తీసినప్పుడే అనుకున్నా!"

"ఇది టేపుతో అంటదండీ. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఒంట్లో ఉండగలదని నర్సమ్మ చెప్పింది. మన పెళ్ళయి ఎనిమిది నెలలు. అంతకు ముందు నాకెవరూ లేరు. మీకు?"

అతను కత్తి తుడవసాగాడు. తుడిచిందే తుడిచాడు.

"ఒకావిడ. ఎప్పుడో."

"తలతలకీ కొత్త బ్లేడు వేస్తారే, అప్పుడు కండోమ్ గుర్తు రాలేదా?"

"తప్పయిపోయింది. నయమవుతుందా?"

"ఇద్దరం మాత్రలు మింగితే పోతుందట. ఒక్కరే మింగితే మళ్ళీ అంటుకుంటుందట."

అతను తలుపుకి 'మూసి ఉంది' బోర్డు తగిలించాడు. "పద, ఇప్పుడే వెళ్దాం."

"ఆగండి. పాపం, ఆవిడకీ ఒక చీటీ అందాలి కదా."

"నేనే ఇచ్చొస్తాలే."

"మీరా? చాల్లెండి! అడ్రసు చెప్పండి, ఆ చీటీ నేనే ఇచ్చొస్తాను."